కాన్సులేట్ కిటికీ ముందు వివాహం: జీవిత భాగస్వామి వలస వీసా ఇంటర్వ్యూపై ఒక సమీక్ష

అమెరికా పౌరులు గాని, అక్కడ శాశ్వత నివాస హక్కు, అంటే గ్రీన్‌కార్డు, పొందినవారు గాని విదేశంలో ఉన్న భార్యనో భర్తనో తమ దగ్గరకు శాశ్వతంగా రప్పించుకోవాలంటే, ఆ వ్యవహారం నెలలు, ఒక్కోసారి ఏళ్ళు కాగితాల మీద నడిచి, చివరకు ఒక కాన్సులర్ అధికారి ముందు జరిగే కొద్ది నిమిషాల సంభాషణ దగ్గరకు వచ్చి ఆగుతుంది. ఆ సంభాషణలో ఏం తేల్చాలి, ఎలా తేల్చాలి, తేల్చినదాన్ని ఎవరు ప్రశ్నించవచ్చు అనే విషయాలపై అమెరికాలో దాదాపు నూరేళ్ళుగా చట్టసభలు, న్యాయస్థానాలు, న్యాయశాస్త్ర పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. 2024లో అక్కడి సుప్రీంకోర్టు ఆరు నెలల వ్యవధిలో ఈ అంశాన్ని తాకే రెండు తీర్పులు ఇవ్వడంతో వాదన ముగిసిందని అనిపించవచ్చు గాని, ఆ తీర్పులను జాగ్రత్తగా చదివితే అవి ముగించినవాటి కన్నా తెరిచి వదిలినవే ఎక్కువని తెలుస్తుంది.

ఈ చర్చ ఇంతగా చిక్కుపడటానికి పక్షాల మధ్య ఉన్న విభేదం ఒక్కటే కారణం కాదు. ఒకే ఇంటర్వ్యూలో మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు రాబట్టుకోవడం ఆనవాయితీ కాగా, వాదించేవారు తాము ఏ ప్రశ్నను మనసులో పెట్టుకొని మాట్లాడుతున్నారో చాలాసార్లు చెప్పరు. ఆ మూడింటినీ విడదీసి చూస్తే కొన్ని వివాదాలు వివాదాలే కావని, అసలు వివాదం మరోచోట ఉందని కనిపిస్తుంది.

కిటికీ దాకా దారి

వలస వీసా అంటే తిరిగి వెళ్ళాలనే షరతు లేకుండా స్థిరపడటానికి ఇచ్చే అనుమతి. చదువుకో, ఉద్యోగానికో, చూసి రావడానికో ఇచ్చే వీసాలు ఈ కోవలోకి రావు. తెలుగు కుటుంబాల్లో ‘అమెరికా సంబంధం’ అని ఒక్క మాటలో చెప్పుకొనేది చట్టం దృష్టిలో కనీసం మూడు రకాలు. హెచ్-1బి ఉద్యోగి జీవిత భాగస్వామికి వచ్చేది హెచ్-4 అనే తాత్కాలిక వీసా కాబట్టి దాని సంగతి వేరు. గ్రీన్‌కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామిది ఎఫ్2ఏ అనే వలస వర్గం. దానికి ఏటా సంఖ్యా పరిమితి ఉన్నందున, విదేశాంగ శాఖ ప్రతి నెలా ప్రకటించే వీసా బులెటిన్‌లో తమ తేదీ వచ్చేదాకా ఎదురుచూడాలి. పౌరుల భార్యాభర్తలను మాత్రం చట్టం అతి సన్నిహిత బంధువులుగా లెక్కించి ఆ పరిమితి నుంచి మినహాయించింది. ఇక్కడ చర్చించేది చివరి రెండు వర్గాల గురించే.

మొదటి మెట్టు ఐ-130 అనే పిటిషన్. అమెరికాలో ఉన్న భార్య లేదా భర్త, అంటే పిటిషనర్, తమ వివాహానికి రుజువులు జతచేసి పౌరసత్వ, వలస సేవల సంస్థ అయిన యూఎస్‌సీఐఎస్‌కు దీన్ని సమర్పిస్తారు. అది ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు చేరుతుంది. అక్కడ డీఎస్-260 అనే ఆన్‌లైన్ దరఖాస్తు, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, జనన, వివాహ ధ్రువపత్రాలు, వీటితో పాటు పోషణ హామీ పత్రమైన ఐ-864 చేరాలి. 1996 నాటి చట్టం తప్పనిసరి చేసిన ఈ హామీ ప్రకారం, పిటిషనర్ ఆదాయం సాధారణంగా అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక ప్రమాణంలో 125 శాతానికి తగ్గకూడదు. తగ్గితే మరొకరు సహ హామీదారుగా నిలబడాలి. ఆ తరువాత గుర్తింపు పొందిన వైద్యుల దగ్గర క్షయ పరీక్ష, టీకాలతో కూడిన వైద్య పరీక్ష జరుగుతుంది.

భారతదేశంలో కుటుంబ వలస వీసాల ఇంటర్వ్యూలకు ప్రధాన కేంద్రం ముంబయి, బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని కాన్సులేట్ జనరల్. హైదరాబాదులో 2008 నుంచి అమెరికా కాన్సులేట్ ఉన్నా, అక్కడ ముఖ్యంగా తాత్కాలిక వీసాలే చూస్తారు కాబట్టి, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా ఏ ఊరి దరఖాస్తుదారైనా మూలపత్రాల సంచితో ముంబయి రైలో విమానమో ఎక్కవలసి వస్తుంది. అక్కడ వేలిముద్రలు ఇచ్చి, కుడిచెయ్యి ఎత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేశాక, గాజు కిటికీ అవతల నుంచి అధికారి ప్రశ్నలు వేస్తారు. ఈ వీసాకు దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావాలన్నది చట్టంలోని నిబంధన. పిటిషనర్ హాజరు మాత్రం తప్పనిసరి కాదు.

ఫలితం మూడు విధాలుగా ఉంటుంది. ఒకటి, ఆమోదం. రెండోది, చట్టంలోని 221(జి) విభాగం కింద నిరాకరణ. వాడుకలో దీన్ని పెండింగ్ అంటారు గాని చట్టరీత్యా ఇది నిరాకరణే; అడిగిన పత్రాలు ఏడాదిలోగా ఇస్తే కొత్త రుసుము లేకుండా తిరిగి పరిశీలిస్తారు. మూడోది, అన్నిటికన్నా బరువైనది: వివాహంపైనే అనుమానం వచ్చి పిటిషన్‌ను యూఎస్‌సీఐఎస్‌కు తిప్పిపంపడం. ఆమోదం పొందినవారిలో కూడా, అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండనివారికి రెండేళ్ళ షరతు గ్రీన్‌కార్డే దక్కుతుంది. ఆ గడువు ముగిసే ముందు 90 రోజుల్లో దంపతులిద్దరూ కలిసి ఐ-751 దాఖలు చేసి, కాపురం నిజమైనదేనని మళ్ళీ రుజువు చేసుకోవాలి.

మూడు ప్రశ్నలు

మొదటి ప్రశ్న వివాహం చెల్లుతుందా అనేది. పెళ్ళి జరిగిన చోటి చట్టం ప్రకారం చెల్లితే అమెరికా వలస చట్టం దృష్టిలోనూ చెల్లుతుందనేది సాధారణ సూత్రం. బహుభార్యాత్వం, కొన్ని దగ్గరి రక్తసంబంధాలు దీనికి మినహాయింపులు. వధూవరులు ఒకే చోట లేకుండా జరిగిన పెళ్ళిని, ఆ తరువాత దాంపత్యం ఏర్పడితే తప్ప, చట్టం గుర్తించదు. 2013లో సుప్రీంకోర్టు విండ్సర్ కేసులో తీర్పు ఇచ్చాక, స్వలింగ వివాహాలకూ ఇదే సూత్రం వర్తిస్తోంది.

రెండో ప్రశ్న వివాహం నిజమైనదా అనేది. చెల్లడం వేరు, నిజం కావడం వేరు. పురోహితుడు, సాక్షులు, రిజిస్ట్రారు సంతకం అన్నీ సక్రమంగా ఉన్నా, కలిసి బతికే ఉద్దేశం లేకుండా వలస ప్రయోజనం కోసమే చేసుకున్న పెళ్ళిని చట్టం బూటకపు వివాహంగా పరిగణిస్తుంది. మూడో ప్రశ్నకు వివాహంతో సంబంధమే లేదు: ఆ వ్యక్తికి దేశంలో అడుగుపెట్టే అర్హత ఉందా? నేరచరిత్ర, అంటువ్యాధి, గతంలో వీసా గడువు మీరి ఉండిపోవడం, ఏదైనా దరఖాస్తులో అబద్ధం చెప్పడం, ప్రభుత్వ సాయంపై ఆధారపడే అవకాశం, ఇవన్నీ ఈ ప్రశ్న కింద వస్తాయి. నిష్కళంకమైన దాంపత్యం కూడా ఇక్కడ ఓడిపోవచ్చు.

మొదటి రెండింటినీ యూఎస్‌సీఐఎస్ పిటిషన్ దశలోనే పరిశీలిస్తుంది కాబట్టి, కాన్సులర్ అధికారి ఆ పనిని మళ్ళీ మొదటినుంచి చేయకూడదని, యూఎస్‌సీఐఎస్‌కు తెలియని కొత్త సమాచారం బయటపడితేనే పిటిషన్‌ను తిప్పిపంపాలని విదేశాంగ శాఖ తన నియమావళిలోనే చెప్పుకుంది. ఆచరణలో కిటికీ దగ్గర ఎక్కువగా వినిపించే ప్రశ్నలు మాత్రం రెండోదానికి చెందినవే: సంబంధం ఎవరు తెచ్చారు, మొదట ఎప్పుడు చూసుకున్నారు, పెళ్ళికి ఎవరెవరు వచ్చారు, ఆయన ఏం ఉద్యోగం చేస్తారు, అక్కడ ఎవరితో ఉంటారు.

నూరేళ్ళ చరిత్ర

1924కు ముందు వలసదారుల పరీక్ష ప్రధానంగా అమెరికా రేవుల్లోనే, ఎల్లిస్ దీవి వంటి చోట్ల జరిగేది. ఆ ఏడాది వచ్చిన వలస చట్టం, బయల్దేరే ముందే స్వదేశంలోని అమెరికా కాన్సుల్ దగ్గర వీసా తీసుకోవాలని నిర్ణయించింది. సముద్రం దాటి వచ్చినవారిని వెనక్కు పంపే అవస్థ దీనితో తగ్గిన మాట నిజమే గాని, నిర్ణయం దేశం వెలుపలికి తరలడంతో పాటు దాన్ని న్యాయమూర్తి ముందు ప్రశ్నించే అవకాశం కూడా దూరమైంది. 1929లో ఒక అమెరికా పౌరుడు జర్మనీలో ఉన్న తన భార్యకు వీసా నిరాకరించడాన్ని సవాలు చేసినప్పుడు, కాన్సుల్ నిర్ణయంలో తాము జోక్యం చేసుకోలేమని వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. కాన్సులర్ నిర్ణయాలను కోర్టులు సమీక్షించవనే సిద్ధాంతానికి బీజం అక్కడ పడింది.

రెండో ప్రపంచయుద్ధం తరువాత సైనికుల భార్యల కోసం 1945 డిసెంబరులో చేసిన యుద్ధ వధువుల చట్టం రెండు వేర్వేరు ఫలితాలకు దారితీసింది. నాఫ్ కేసులో, ఒక మాజీ సైనికుడి జర్మన్ భార్యను రహస్య సమాచారం ఆధారంగా విచారణ లేకుండానే నిలిపివేయడాన్ని 1950లో సుప్రీంకోర్టు సమర్థించింది. అదే చట్టం కింద పారిస్‌లో జరిగిన కొన్ని పెళ్ళిళ్ళపై వచ్చిన లుట్వాక్ కేసులో, 1953లో అదే కోర్టు, కలిసి జీవితాన్ని ఏర్పరచుకునే ఉద్దేశం లేని పెళ్ళి వలస చట్టానికి పెళ్ళి కాదని చెప్పింది. నేటి ఇంటర్వ్యూలోని రెండో ప్రశ్న ఈ తీర్పు నుంచి పుట్టిందే. నిలిచిన కాపురమా కూలిన కాపురమా అన్నది కాక, పెళ్ళి నాటి ఉద్దేశమే ప్రధానమని, తరువాత విడిపోయినంత మాత్రాన అది బూటకం కాబోదని 1975లో బార్క్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దీనికి సవరణ చేర్చింది.

భారతీయుల చరిత్ర దీనికి సమాంతరంగా నడిచింది. 1917 చట్టం ఆసియాలో చాలా భాగం నుంచి వలసను నిషేధించగా, 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వ అర్హతే లేదంది. 1946 నాటి లూస్-సెల్లర్ చట్టం ఏడాదికి 100 మందికి దారి తెరిచింది. 1965 చట్టంతో జాతి ప్రాతిపదికపై కోటాలు పోయి, కుటుంబ బంధమే వలసకు ప్రధానమైన దారి అయింది. తెలుగువారి కుటుంబ వలసకు పునాది ఇదే.

పెళ్ళి దారి విశాలమైన కొద్దీ అనుమానమూ పెరిగింది. భార్యాభర్తల పిటిషన్లలో దాదాపు 30 శాతం అనుమానాస్పదమని నాటి వలస శాఖ అధికారులు 1980ల నడుమ అమెరికా కాంగ్రెసుకు చెప్పారు. 1986 నాటి వివాహ మోసాల సవరణ చట్టం ఆ వాతావరణంలోనే వచ్చి, రెండేళ్ళ షరతు నివాసాన్ని, బూటకపు పెళ్ళికి అయిదేళ్ళ దాకా జైలును, 2,50,000 డాలర్ల దాకా జరిమానాను విధించింది. ఆ 30 శాతం రుజువైన మోసాల లెక్క కాదని, అధికారుల అనుమానాల లెక్క మాత్రమేనని, గణాంక శాస్త్రపరంగా నిలవదని తరువాతి దావాల్లో బయటపడింది. అప్పటికి చట్టం స్థిరపడిపోయింది. ఆ అంకె పోయినా అది నాటిన అనుమానం అధికారుల శిక్షణలో, ప్రశ్నల ధోరణిలో మిగిలిపోయిందని విమర్శకులు అనడం అతిశయోక్తి కాదు.

పక్షాలు, వాటి బలాబలాలు

మొదటి పక్షం మోస నిరోధాన్ని ముందుకు తెస్తుంది. డబ్బు చేతులు మారిన పెళ్ళిళ్ళు, దళారీల ముఠాలు, నమ్మి మోసపోయిన పిటిషనర్లు కల్పితం కాదని, కాగితాలు ఎంత పకడ్బందీగా ఉన్నా ముఖాముఖి సంభాషణలో బయటపడే పొసగని మాటలను మరే పద్ధతీ పట్టుకోలేదని ఈ పక్షం వాదన. ఇందులో బలం ఉంది. పత్రాల తయారీ ఒక వృత్తిగా మారిన చోట మనిషిని చూసి మాట్లాడటానికి విలువ ఉంటుంది. అయితే చదువు తక్కువై, దుబాసీ ద్వారా జవాబు చెప్పే నిజమైన దంపతుల తడబాటును, సాధన చేసి వచ్చిన బూటకపు దంపతుల ధారాళతను వేరుచేసే కొలమానం ఏదీ ఈ పక్షం దగ్గర లేదు.

రెండోది సార్వభౌమాధికార పక్షం. ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకోవడం దేశం హక్కు అని, దేశం బయట ఉన్న విదేశీయుడికి ప్రవేశంపై రాజ్యాంగ హక్కేదీ లేదని ఇది చెబుతుంది. 1972 నాటి మాండెల్ కేసులో సుప్రీంకోర్టు దీనికి చిన్న సందు వదిలింది: నిరాకరణ వల్ల అమెరికా పౌరుడి సొంత రాజ్యాంగ హక్కుకు భంగం కలిగితే, పైకి చట్టబద్ధంగా, సదుద్దేశంతో కనిపించే కారణం ఉందా లేదా అన్నంత వరకే కోర్టు చూస్తుంది.

ఆ సందులో నుంచి లోపలికి రావాలని చూసినది మూడోదైన కుటుంబ హక్కు పక్షం. భార్యాభర్తలు కలిసి ఉండే హక్కు పౌరుడి స్వేచ్ఛలో భాగం కాబట్టి నిరాకరణకు కారణం చెప్పి తీరాలన్నది దీని వాదన. 2015లో కెర్రీ వర్సెస్ దిన్ కేసులో న్యాయమూర్తులు చీలిపోవడంతో ఆ ప్రశ్న తేలకుండానే పిటిషనర్ ఓడిపోయారు. 2024 జూన్‌లో మున్యోజ్ కేసులో మాత్రం సుప్రీంకోర్టు సూటిగానే చెప్పింది: విదేశీయుడైన జీవిత భాగస్వామిని దేశంలోకి రానివ్వాలని కోరే ప్రాథమిక హక్కు అమెరికా పౌరుడికి లేదు. పెళ్ళి చేసుకునే హక్కును సుప్రీంకోర్టే ఎత్తిపట్టిన దేశంలో, ఆ పెళ్ళి చేసుకున్నవారు ఒకచోట ఉండే హక్కు వేరే ప్రశ్నగా మిగిలిందన్నమాట.

నాలుగో పక్షం విశ్వవిద్యాలయాల నుంచి వచ్చింది. వలస చట్టం పెళ్ళిళ్ళను కేవలం పరీక్షించదని, ఏది మంచి పెళ్ళో నిర్ణయించి ఆ నమూనాకు దంపతులను మలుస్తుందని న్యాయశాస్త్ర పండితురాలు కెరీ అబ్రామ్స్ 2007లో ప్రచురించిన విస్తృత వ్యాసంలో వాదించారు. ఆమె విశ్లేషణలో పరిచయం, పెళ్ళి, కాపురం, విడిపోవడం అనే నాలుగు దశల్లోనూ వలస చట్టం కుటుంబ చట్టంలా పనిచేస్తుంది. చరిత్రకారిణి నాన్సీ కాట్ అంతకుముందే 2000లో వెలువడిన ‘పబ్లిక్ వౌస్’ గ్రంథంలో, అమెరికా రాజ్యం పెళ్ళిని పౌర నిర్మాణ సాధనంగా వాడుకున్న తీరును చూపారు. ఈ పక్షానికి విమర్శా దృష్టి పదునుగా ఉన్నా, మోసాన్ని మరెలా పట్టుకోవాలో చెప్పడంలో మాత్రం అది తడుముకుంటుంది.

ఈ పక్షాలను మూడు ప్రశ్నల పక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. మోస నిరోధ పక్షం మాట్లాడేది రెండో ప్రశ్న గురించి. సార్వభౌమాధికార పక్షం నెగ్గిన పెద్ద కేసులన్నీ మూడో ప్రశ్నవి: నాఫ్ కేసులో భద్రతా సమాచారం, దిన్ కేసులో ఉగ్రవాద ఆరోపణ, మున్యోజ్ కేసులో ముఠా సభ్యత్వ అనుమానం. ఆ దంపతుల పెళ్ళి నిజమైనదా కాదా అన్న తగవు ఏ కేసులోనూ లేదు. అయినా ఆ తీర్పుల నీడ రెండో ప్రశ్న మీదా పడి, ఒక పెళ్ళి బూటకమని అధికారి అనుమానించినప్పుడు కూడా కారణం వివరించనక్కరలేదనే భావన బలపడింది. భద్రతకు గోప్యత అవసరమని ఒప్పుకున్నా, అత్తగారి పేరు చెప్పడంలో తడబడిన కోడలి ఫైలుకు అదే గోప్యత ఎందుకో ఎవరూ సమర్థించలేదు.

తెలుగు పెళ్ళి, కాన్సులేట్ కొలత

పెద్దలు కుదిర్చిన పెళ్ళి అనుమానానికి కారణం కాదని అమెరికా వలస యంత్రాంగం సూత్రప్రాయంగా అంగీకరిస్తుంది. చిక్కంతా సాక్ష్యాల దగ్గర వస్తుంది. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేరిట ఇంటి అద్దె ఒప్పందం, కలిసి చేసిన ప్రయాణాలు, ఏళ్ళ నాటి ఉత్తరాలు వంటి రుజువులు, ముందు పరిచయమై, కలిసి ఉండి, తరువాత పెళ్ళాడే సమాజం నుంచి వచ్చినవి. తెలుగు పెళ్ళిలో క్రమం తిరగబడుతుంది. మధ్యవర్తి గాని మ్యాట్రిమోనీ సైటు గాని తెచ్చిన సంబంధం, జాతకాలు, వీడియో కాల్‌లో పెళ్ళిచూపులు, వరుడికి దొరికిన మూడు నాలుగు వారాల సెలవులో నిశ్చితార్థం, పెళ్ళి, సత్యనారాయణ వ్రతం, ఆ వెంటనే విమానం. కలిసి కాపురం చేసిన రుజువు కావాలంటే వీసా కావాలి, వీసా కావాలంటే రుజువు కావాలి. ఈ వలయాన్ని దంపతులు లగ్నపత్రిక, శుభలేఖ, కల్యాణమండపం రసీదు, ఇరువైపుల బంధువులతో దిగిన ఫొటోలు, వాట్సాప్ సంభాషణల ముద్రిత ప్రతులతో దాటడానికి ప్రయత్నిస్తారు. ఇరవై కిలోల పెళ్ళి ఆల్బమ్‌లో అధికారి తిప్పి చూసేది రెండు మూడు పేజీలే కావచ్చు.

నమోదు విషయం ఇంకా లోతైనది. సీమా కేసులో 2006లో భారత సుప్రీంకోర్టు వివాహాల నమోదును తప్పనిసరి చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతకుముందే 2002లో అలాంటి చట్టం చేసుకుంది. అయినా చాలా కుటుంబాలకు నమోదు వీసా అవసరం వచ్చినప్పుడే గుర్తుకొస్తుంది. ఒక్కోసారి ఇది వెనుకా ముందూ అవుతుంది: ముహూర్తం ఆరు నెలల తరువాత ఉన్నా, పిటిషన్ త్వరగా పడుతుందని ముందే రిజిస్టర్ పెళ్ళి చేసి ధ్రువపత్రం తీసుకుంటారు. ఈ అలవాటును డాలీ రాణి కేసులో 2024 ఏప్రిల్‌లో భారత సుప్రీంకోర్టు నేరుగా ప్రస్తావించింది. హిందూ వివాహ చట్టం కింద సంప్రదాయ క్రతువు జరగనిదే పెళ్ళి లేదని, లేని పెళ్ళికి నమోదు ప్రాణం పోయలేదని చెబుతూ, విదేశీ వీసా కోసం ముందే ధ్రువపత్రం తీసుకునే ధోరణిని జస్టిస్ బి.వి. నాగరత్న ధర్మాసనం తప్పుబట్టింది. దీని పర్యవసానం చిన్నది కాదు. పెళ్ళి జరిగిన చోటి చట్టమే కొలత అయినప్పుడు, ప్రత్యేక వివాహ చట్టం కింద కాక హిందూ వివాహ చట్టం కింద క్రతువు లేకుండా పొందిన ధ్రువపత్రంతో వేసిన పిటిషన్ మొదటి ప్రశ్న దగ్గరే కూలిపోవచ్చు. ఆ దంపతుల ఉద్దేశం ఎంత నిజమైనదైనా అది ఆ లోపాన్ని పూడ్చదు. పైగా పిటిషన్‌లో రాసిన పెళ్ళి తేదీ ఒకటి, ఆల్బమ్‌లోని పెళ్ళి తేదీ మరొకటి అయితే, అమాయకపు తొందర కూడా అబద్ధంలా కనిపిస్తుంది.

మేనరికాలు మరో ముడి. మేనమామను పెళ్ళాడటం హిందూ వివాహ చట్టం నిషేధించిన వరుసల్లోకి వచ్చినా, ఆచారం ఉన్నచోట అదే చట్టం మినహాయింపు ఇస్తుంది. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య పెళ్ళిళ్ళు తెలుగునాట మామూలే. పెళ్ళి జరిగిన చోట చెల్లినదాన్ని ఒప్పుకోవాలన్న సూత్రం వీరికి అనుకూలమే అయినా, దంపతులు కాపురం పెట్టబోయే రాష్ట్రం విధానం కూడా పరిశీలనకు వస్తుంది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా మేనబావ-మరదళ్ళ పెళ్ళికి అభ్యంతరం చెప్పవు. టెక్సస్ 2005లో నిషేధించింది. సవతి వరుస మేనమామ-మేనకోడలి పెళ్ళి తమ రాష్ట్రంలో చెల్లుతుందని న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం 2014లో, ఒక వలస కేసు సందర్భంగానే చెప్పింది. సొంత మేనమామ విషయంలో మాత్రం ఆ తీర్పును ఆసరా చేసుకోలేం.

పేర్ల తగవు చిన్నదిగా కనిపించినా ఎక్కువ ఫైళ్ళను ఆపేది అదే. పదో తరగతి మెమోలో పొడి అక్షరాలుగా ఉన్న ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్ళి పత్రంలో ఇంకోలా ఉండటం, ఇంట్లో పురుడు పోసుకున్న తరాలకు జనన నమోదే లేకపోవడం వంటివి 221(జి) చీటీలకు నిత్యం దొరికే కారణాలు.

బ్రిటన్, కెనడా అనుభవాలు

ఇతర దేశాల చరిత్ర ఈ చర్చకు అవసరమైన వెలుగునిస్తుంది. 1979 జనవరిలో లండన్ హీత్రూ విమానాశ్రయంలో, పెళ్ళి కోసం వచ్చిన ఒక భారతీయ మహిళకు కన్యత్వ పరీక్ష చేసిన సంగతి బయటపడి గగ్గోలు పుట్టింది. ఉపఖండంలోని బ్రిటిష్ హైకమిషన్లలో అలాంటి పరీక్షలు పదుల సంఖ్యలో జరిగాయని ఎవాన్ స్మిత్, మారినెల్లా మార్మో పాత ప్రభుత్వ దస్త్రాల నుంచి వెలికితీశారు. వివాహం నిజమా కాదా అన్న ప్రశ్నకు శరీరంలో జవాబు వెతికిన ఆ దశ పోయాక, ఉద్దేశంలో వెతికే దశ వచ్చింది. 1980ల్లో బలపడిన ‘ముఖ్య ఉద్దేశం’ నిబంధన ప్రకారం, పెళ్ళి నిజమైనదే అయినా, బ్రిటన్‌లో స్థిరపడటం దాని ముఖ్య ఉద్దేశం కాదని దరఖాస్తుదారే రుజువు చేయాలి. లేనిదాన్ని లేదని నిరూపించాల్సిన ఈ భారం ఎక్కువగా దక్షిణాసియా భర్తల మీద పడింది. 1997 జూన్‌లో లేబర్ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. 2012 నుంచి బ్రిటన్ బరువంతా ఆదాయం మీదకు మార్చింది: పిటిషనర్‌కు ఏటా 18,600 పౌండ్ల కనీస ఆదాయం ఉండాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి 29,000 పౌండ్లకు పెరిగింది. మనసును కొలిచే అన్యాయం పోయి జేబును కొలిచే అన్యాయం వచ్చిందని అక్కడి విమర్శ.

కెనడాలో 2010 వరకు పెళ్ళి నిజమైనది కాకపోవడం, వలస కోసమే జరగడం అనే రెండు లోపాలూ కలిసి ఉంటేనే నిరాకరించేవారు. ఆ ఏడాది సవరణతో ఏ ఒక్కటి ఉన్నా చాలు. అమెరికాను చూసి 2012లో తెచ్చుకున్న రెండేళ్ళ షరతు నివాసాన్ని మాత్రం, హింసించే భాగస్వామి చేతిలో అది ఆయుధమవుతోందన్న విమర్శతో 2017లో రద్దు చేసింది. అమెరికాలో అదే విమర్శకు జవాబుగా హింసకు గురైనవారికి మినహాయింపులు వచ్చాయి గాని, షరతు అలాగే ఉంది.

అసలైన తేడా వేరే చోట ఉంది. కెనడాలో నిరాకరణకు గురైన దంపతుల తరఫున అక్కడి పిటిషనర్ వలస అప్పీలు విభాగానికి వెళ్ళవచ్చు. బ్రిటన్‌లో కుటుంబ జీవన హక్కు ఆధారంగా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. కోర్టుల గుమ్మం తెరిస్తే వీసా యంత్రాంగం కుప్పకూలుతుందనే అమెరికా వాదన ఈ రెండు దేశాల అనుభవం ముందు బలహీనపడుతుంది. అమెరికాలోనే కూడా, దేశం లోపల గ్రీన్‌కార్డు కోరే దంపతుల విషయంలో న్యూయార్క్‌లో 1976 నాటి స్టోక్స్ ఒప్పందం నాటి నుంచి ముందస్తు నోటీసు, న్యాయవాది, మాటల రికార్డు వంటి రక్షణలు అమల్లో ఉన్నాయి. అదే అనుమానం, అదే ప్రశ్న, సముద్రానికి ఇవతల అయితే ఆ రక్షణల్లో ఒక్కటీ వర్తించదు.

తేలని సంగతులు

సంభాషణలో ఎవరు ఏమన్నారనే రికార్డు లేకపోవడం మొదటిది. వీసా పత్రాలు గోప్యమని చట్టంలోని 222(ఎఫ్) విభాగం చెబుతుంది కాబట్టి, అధికారి రాసుకున్న వ్యాఖ్యలు దంపతులకు సాధారణంగా అందవు. తెలుగులో చెప్పిన జవాబు దుబాసీ నోట ఎలా మారిందో తరువాత తేల్చే మార్గమే లేదు. రెండోది కాలపరిమితి. 221(జి) కింద జరిగే అదనపు విచారణకు గడువు లేదు. ఆలస్యంపై వేసే దావాల్లో కొన్ని ఫెడరల్ కోర్టులు ప్రభుత్వాన్ని జవాబు అడుగుతుండగా, మరికొన్ని సమీక్షకు తావులేదనే పాత సిద్ధాంతాన్నే ఇక్కడికీ విస్తరిస్తున్నాయి.

అన్నిటికన్నా చిక్కైనది తిప్పిపంపిన పిటిషన్ల గతి. కాన్సులేట్ నుంచి వెనక్కు వచ్చిన ఫైలుపై యూఎస్‌సీఐఎస్ ముందు నోటీసు ఇచ్చి, జవాబు తృప్తికరంగా లేకపోతే ఆమోదాన్ని రద్దు చేస్తుంది. బూటకపు వివాహమని ఒకసారి నిర్ధారణ అయితే 204(సి) విభాగం కింద, తరువాత ఎంత నిజమైన పెళ్ళి చేసుకున్నా ఆ వ్యక్తికి ఏ పిటిషనూ ఆమోదం పొందదు, దీనికి మినహాయింపూ లేదు. ఇంత తీవ్రమైన ఫలితం ఉన్న రద్దును కోర్టు పరిశీలించవచ్చా అన్న ప్రశ్నకు 2024 డిసెంబరులో బౌఆర్ఫా కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా లేదనే చెప్పింది. రద్దు చేయడం ప్రభుత్వ విచక్షణ అని, విచక్షణపై కోర్టులకు అధికారం లేదని. అయితే మొదటి దశలోనే పిటిషన్‌ను తిరస్కరిస్తే దాన్ని కోర్టులో సవాలు చేయవచ్చని, కాబట్టి రద్దుకు గురైనవారు మళ్ళీ పిటిషన్ వేసుకోవచ్చని అదే తీర్పు గుర్తుచేసింది. అంటే ఒకసారి ఆమోదం పొంది, ముంబయి కిటికీ దగ్గర అనుమానానికి గురైన దంపతులకు న్యాయమూర్తి ముందుకు వెళ్ళే దారి ఒక్కటే మిగిలింది: మరో పిటిషన్ వేసి, ఈసారి అది మొదటి మెట్టులోనే తిరస్కరణకు గురయ్యేదాకా వేచి ఉండటం.